ప్రసూన ఆంటీ అంగుళం

ఏడు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టేవాళ్ళ కోసం నరకంలో వేరే గది ఉంటుందని, అందులో వాళ్ళ మెసేజీలు వాళ్ళకే వినిపిస్తారని జ్ఞానప్రసూన నమ్మకం. ఉత్తరమైతే కన్ను పైనుంచి కిందకి ఒకసారి జారిందంటే అసలు సంగతి ఎక్కడుందో దొరికిపోతుంది. వాయిస్ మెసేజ్ అలా కాదు. "ఆంటీ బాగున్నారా, అంకుల్ మోకాలు ఎలా ఉంది" దగ్గర మొదలుపెట్టాలి. మధ్యలో ఎవరో వస్తారు, ఆపుతాం, మళ్ళీ నొక్కితే మొదటికొస్తుంది, మళ్ళీ అంకుల్ మోకాలు. నిన్న సాయంత్రం శ్రీవిద్య పెట్టిన మెసేజ్‌లో తన భర్త విశ్వనాథం మోకాలిని నాలుగుసార్లు పరామర్శించాక గాని ప్రసూనకి అసలు సంగతి దొరకలేదు. దొరికాక, మోకాలి దగ్గరే ఆగిపోయి ఉంటే బాగుండేదనిపించింది.

ఇప్పుడు పొద్దున్న పది. అమెరికాలోని బాతెల్ ఊళ్ళో వాన పడుతోందని చెప్పడం వాచీ తిరుగుతోందని చెప్పడం లాంటిది, అయినా పడుతోంది. నెయిల్ సెలూన్‌కీ టెరియాకీ చికెన్ హోటల్‌కీ మధ్య ఇరుక్కున్న పది అడుగుల వెడల్పు షాపులో, ఇరవై ఏడేళ్ళుగా కూర్చుంటున్న స్టూలు మీద, కుట్టు మిషన్ ముందు ప్రసూన కూర్చుని ఉంది. పదకొండింటికి శ్రీవిద్య వస్తుంది. కూతురు ఉజ్వలని తీసుకుని, పన్నెండు జాకెట్లు తీసుకుని, అన్నిటికంటే ముఖ్యంగా ఫోన్ తీసుకుని వస్తుంది. ఉజ్వల పెళ్ళి వచ్చే ఆదివారం. ఆరు జాకెట్లు పెళ్ళికూతురివి, ఆరు పెళ్ళికూతురి తల్లివి. హైదరాబాద్‌లో అంజయ్య అనే టైలర్‌తో మగ్గం వర్క్ చేయించి కుట్టించారు. నిన్న మధ్యాహ్నం కొరియర్‌లో దిగాయి. పన్నెండింటిలో ఒక్కటీ హుక్కులు పడటం లేదు. అన్నీ ఒకే లెక్కన, రెండేసి అంగుళాలు బిగుతు. "మీరున్నారు కాబట్టి బతికిపోయాం ఆంటీ. రేపు మీ టేపుతో నన్ను కొలవండి, నేను వీడియో తీస్తాను. ఆ అంజయ్య చేసిన ఫ్రాడ్‌ని మన గ్రూప్‌లో పెడతాను, నాలుగొందల మంది లేడీస్ ఉన్నారు, సగం మంది ఆయనకే ఆర్డర్లు ఇస్తారు, ఇక చూడండి." ఆ కింద అంజయ్య నంబరు ఉంది, దాని కింద శ్రీవిద్య ఫార్వర్డ్ చేసిన అతని మెసేజ్ ఇరవై రెండు సెకన్లే ఉంది. "అమ్మా, మీరు పంపిన కాయితంల ఎట్ల ఉన్నదో గట్లనే కుట్టిన. ముప్ఫై ఏండ్ల సంది ఇదే పని. నా చేతి మీద గిట్లాంటి మాట ఎన్నడు రాలే. మీరు గ్రూపుల పెడితే నాకు అమెరికా పని బందయితది. జర ఒక్కపారి కొలత చూసుకోండ్రి." అరుపు లేదు, ఒట్లు లేవు. తప్పు చేయనివాళ్ళు ఎంత తక్కువ మాట్లాడతారో అనుకుంది ప్రసూన. అనుకున్నాక నిద్ర పట్టలేదు.

కాయితంలో ఉన్న కొలతలు ప్రసూన రాసిచ్చినవే. శ్రీవిద్య ముప్ఫై ఆరు, ఉజ్వల ముప్ఫై నాలుగు. అందుకే పొద్దున్న వస్తూ దారిలో కొత్త టేపు కొంది. తెల్లగా, బిర్రుగా, ఇంకా ఎవరి ఒంటి చుట్టూ తిరగని టేపు. దాన్ని బల్ల మీద పరిచి, మెడలోని పాత పసుపుపచ్చ టేపుని తీసి పక్కన పరిచింది. ఒకటి దగ్గర రెండూ అక్కచెల్లెళ్ళలా ఉన్నాయి. పది దగ్గర కాస్త ఎడంగా నడిచాయి. పాతది ముప్ఫై ఆరు అన్నచోట కొత్తది ముప్ఫై ఎనిమిది అంది. రెండోసారి పరిచింది. టేపులకి వయసంటే గౌరవం లేదు, మళ్ళీ ముప్ఫై ఎనిమిదే అంది. గుడ్డ టేపు, యాభై ఏళ్ళు మెడలో వేలాడింది, వేళ్ళ మధ్య లక్షసార్లు లాగించుకుంది, సాగింది. మనుషులు సాగినట్టే సాగింది, ఎవరికీ చెప్పకుండా.

మరి ఇన్నేళ్ళు ఒక్క జాకెట్టూ తేడా ఎందుకు రాలేదంటే, అదే తమాషా. ఆ టేపుతోనే మనిషిని కొలిచింది, ఆ టేపుతోనే గుడ్డని కొలిచి కత్తిరించింది. రెండు వైపులా ఒకే అబద్ధం ఉంటే లెక్క సరిపోతుంది, చాలా కాపురాల్లో లాగే. ఈ పది అడుగుల షాపు ఒక చిన్న దేశం, దాని అంగుళం దానిది. ఆ దేశంలో శ్రీవిద్య పన్నెండేళ్ళుగా ముప్ఫై ఆరు. రెడ్‌మండ్‌లో పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో డైరెక్టర్ అయింది, ఇల్లు మారింది, కారు మారింది, కొలత మారలేదు. "ఆంటీ దగ్గరకొస్తే హాయిగా ఉంటుందే, ఎప్పుడూ అదే సైజ్" అని ఫ్రెండ్స్‌కి చెప్తుంది. విశ్వనాథం సంగతి మరీ విచిత్రం. ముప్ఫై ఏళ్ళు విమానాల కంపెనీలో పనిచేశాడు, అంగుళంలో వెయ్యో వంతు తేడా వస్తే రెక్కని వెనక్కి పంపించేసేవాడట. ఇంట్లో భార్య టేపు రెండు అంగుళాలు సాగినా చూడలేదు. ఆయన ప్యాంటు నడుము రిటైరై ఆరేళ్ళయినా ముప్ఫై నాలుగే. తన క్రమశిక్షణ గురించి మార్నింగ్ వాక్‌లో పదిమందికి చెప్తుంటాడు, మోకాలు పట్టుకుని.

వాన అద్దం మీద జారుతుంటే షాపు లోపల నీళ్ళ అడుగున ఉన్నట్టుంటుంది. హ్యాంగర్లకి వేలాడుతున్న బట్టలు హీటర్ గాలికి కొద్దిగా ఊగుతున్నాయి, లోపల మనుషులు లేరు గాని ఉన్నట్టే ఉన్నాయి. ఆ నీలం బ్లేజర్ బాబు వచ్చే నెల బరువు తగ్గుతానని చెప్పి నాలుగు నెలలుగా తీసుకెళ్ళలేదు. ఆ ఎర్ర పట్టు జాకెట్టావిడ "వాషింగ్ మెషిన్‌లో కుంచించుకుపోయింది ఆంటీ, కొంచెం లూజ్ చేయండి" అంది. ఆ పట్టు జాకెట్టు పుట్టి వాషింగ్ మెషిన్ మొహం చూడలేదు. "అవునమ్మా, ఇక్కడి మెషిన్లు మంచివి కావు" అంది ప్రసూన. ఎన్ని వేలసార్లు అందో ఆ మాట. వాషింగ్ మెషిన్లకి నోరుంటే ఈ షాపు మీద కేసు పెట్టేవి. షాపు పెట్టిన తొంభై ఎనిమిదిలో ఇవేం లేవు, అప్పుడు ఈ ఊళ్ళో తెలుగువాళ్ళు వేళ్ళ మీద లెక్కకొచ్చేవాళ్ళు. తొలి గిరాకీ పక్క హోటల్ కొరియా ఆయన ఏప్రన్. దానికి తాడు కుట్టి ఇస్తే చికెన్ డబ్బా చేతిలో పెట్టాడు. తను తినదని చెప్పడానికి ఇంగ్లీషు చాలక తీసుకుంది, విశ్వనాథం తిన్నాడు, కళ్ళు మూసుకుని తిన్నాడు, ఆ కళ్ళు మూసుకోవడం ఇంకా కనిపిస్తోంది. ట్రయల్ రూమ్ తెరగా కట్టింది తన పెళ్ళి చీరల్లో ఒకటి, మామిడిపండు రంగుది. ఆ తెర వెనక ఎంతమంది ఊపిరి బిగబట్టారో. కొలిచేటప్పుడు ఆడవాళ్ళందరూ ఊపిరి బిగబడతారు. ఏ దేశంలోనైనా అంతే, చీరాలలోనూ అంతే.

చీరాల. మస్తానయ్య మాస్టారు. ఆ పొడుగాటి షాపులో పక్క నేత ఇళ్ళ మగ్గం గుంటల నుంచి వచ్చే తడి నూలు వాసన, మాస్టారి చెవి వెనక సుద్దముక్క. ఆడపిల్ల టైలరింగేంటని ఊరంతా అన్నప్పుడు, "ఆడవాళ్ళ బట్టలు మగాళ్ళు కుట్టగా లేంది" అన్నాడాయన. ఆరేళ్ళు కాజాలు కుట్టించాడు, కత్తెర ముట్టనివ్వలేదు. ఆఖరికి తన మెడలోంచి టేపు తీసి ఆమె మెడలో వేశాడు. అప్పుడది కొత్తది, కర్పూరం వాసన వేసేది. "మనిషి ఎంత ఉన్నాడో అంతే చెప్పమ్మా. ఎంత అవుతాడో అంత గుడ్డ లోపల దాచు" అన్నాడు. ఎన్నిసార్లు గుర్తొచ్చిందో ఆ మాట. రెండో సగం తు.చ. తప్పకుండా పాటించింది. ఆమె కుట్టిన ప్రతి జాకెట్టులో చంకల కింద రెండు అంగుళాల గుడ్డ లోపలికి మడిచి ఉంటుంది, దాని మీద మూడు వరసల కుట్లుంటాయి. ఒళ్ళొచ్చినప్పుడల్లా ఒక వరస విప్పుకోవచ్చు. మొదటి వరస పెళ్ళికి ముందు, రెండోది మొదటి కాన్పు తర్వాత, మూడోది ప్రమోషన్ తర్వాత. మొదటి సగం, ఎంత ఉన్నాడో అంతే చెప్పడం, అక్కడే వచ్చింది చిక్కు.

తప్పు టేపుదేనా. కాదు. అసలు తప్పు ఎక్సెల్ షీట్‌ది అని కాసేపు అనుకుని చూసింది, హాయిగా ఉంది. లోకంలో ఎవరైనా దూరాన ఉన్న టైలర్‌కి ఆది జాకెట్టు పంపుతారు. సరిగ్గా పట్టే పాత జాకెట్టు ఒకటి సంచిలో పడేస్తే చాలు, దాన్ని చూసి కుడతారు, కొలతలతో పనే లేదు. అమ్మమ్మల కాలం నుంచి అదే పద్ధతి. శ్రీవిద్య పంపలేదు. "పాత జాకెట్ పంపడమేంటి ఆంటీ, అన్‌ప్రొఫెషనల్‌గా ఉంటుంది. నంబర్స్ ఇవ్వండి, నేను షీట్ చేసేస్తాను" అంది. పన్నెండు వరసలు, పద్నాలుగు నిలువు గళ్ళు, రంగులు. మగ్గం వర్క్ మీరు చేయరు కదా ఆంటీ అని కూడా అంది, ఆ మాట అన్నప్పుడు ప్రసూన చేతిలో సూది ఉంది కాబట్టి కళ్ళు దించుకోవడానికి వీలయింది. ఒక్క ఆది జాకెట్టు, ఒక్క మాసిన జాకెట్టు వెళ్ళి ఉంటే అంజయ్య దాన్ని తన టేపుతో కొలుచుకునేవాడు, ముప్ఫై ఎనిమిది అని నవ్వుకునేవాడు, ఎవరి పరువూ పోయేది కాదు. కానీ ఆ షీట్‌లో ఎక్కిన అంకె మాత్రం ఈ బల్ల మీద నుంచి వెళ్ళిందే.

పదీ ముప్పావు. పక్క హోటల్లో అల్లం, సోయా సాస్ కాగుతున్న వాసన గోడలోంచి వస్తోంది. పాత టేపుని వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. దాని మీద అంకెలు సగం చెరిగిపోయాయి, ముప్ఫై రెండు దగ్గర ఇంకు మరక, ఆ మరక దాటి నాలుగు గీతలంటే ముప్ఫై ఆరు, అలా చదవడం అలవాటు. మరక దాటి నాలుగు. వసంతలక్ష్మి. ఈ పేరు రాకుండా పొద్దున్నించీ చుట్టూ తిరుగుతోంది, మోకాలి చుట్టూ తిరిగినట్టు. రెండువేల ఏడు, ఇలాంటి వానే. కవలల్ని కని ఆరు నెలలయిన పిల్ల. భర్త కారులో ఇంజన్ ఆపకుండా కూర్చున్నాడు. తెర వెనక నిలబడి కళ్ళు మూసుకుంది. "ఎంత ఆంటీ? వద్దు, చెప్పకండి. సరే, చెప్పేయండి" అంది. మరక దాటి నాలుగు. "ముప్ఫై ఆరు" అంది ప్రసూన. ఆ పిల్ల కళ్ళు తెరిచింది. అద్దంలోకి చూసుకుంది, అప్పటిదాకా అద్దం వైపు వీపు పెట్టి నిలబడ్డ పిల్ల. చెవి వెనకకి జుట్టు సర్దుకుంది. "పెళ్ళికి ముందు ఎంతో ఇప్పుడూ అంతే ఉన్నానా" అని నెమ్మదిగా, తనలో తను అన్నట్టు అంది. బయటికెళ్ళేటప్పుడు నడక వేరేగా ఉంది. ప్రసూన చేతులకి మాత్రం ఏదో తెలిసింది. చేతులకి ముందే తెలుస్తుంది. ఆ సాయంత్రం డ్రాయర్‌లోంచి స్టీలు స్కేలు తీసి టేపు పక్కన పెట్టి చూసింది. అప్పటికే అంగుళంన్నర సాగింది. కొత్త టేపు రెండు డాలర్లు. రేపు కొందాం అనుకుంది. ఆ రేపు పద్దెనిమిదేళ్ళు నడిచింది, ఇవాళ పొద్దున్న షాపు చేరింది.

అంటే తెలుసు. తెలిసే కొలిచింది, తెలిసే రాసింది, తెలిసే ఆ కాయితం ఇచ్చింది. ఇచ్చేటప్పుడు ఒక్క క్షణం చెయ్యి ఆగింది కూడా, "ఇది నా టేపు లెక్కమ్మా, వాళ్ళని వాళ్ళ టేపుతో..." అని నోటిదాకా వచ్చింది. మగ్గం వర్క్ మీరు చేయరు కదా ఆంటీ. నోరు మూసుకుంది. ఏడు సముద్రాల అవతల ముప్ఫై ఏళ్ళుగా మెడలో టేపేసుకున్న మనిషి ఒకడు ఇప్పుడు ఫోన్ చూస్తూ కూర్చుని ఉంటాడు. అక్కడ రాత్రి. అతనికీ ఒక మస్తానయ్య ఉండే ఉంటాడు.

పదకొండు కొట్టగానే తలుపు గంట మోగింది, శ్రీవిద్య ఆలస్యంగా రాకపోవడం పన్నెండేళ్ళలో ఇదే మొదటిసారి. వెనకే ఉజ్వల, చేతుల నిండా కవర్లు. "ఆంటీ, అంకుల్ మోకాలు ఎలా ఉంది" అని, జవాబు కోసం ఆగకుండా ఒక జాకెట్టు తీసి బల్ల మీద పరిచింది. నెమలికంఠం రంగు మీద బంగారు జరీ తీగెలు. చూస్తే కడుపు నిండిపోయేంత పని. ప్రసూన దాన్ని తిరగేసింది. చంక కింద కుట్టు దగ్గర వేలు ఆగింది. గుడ్డ మందంగా తగిలింది. చిన్న కత్తెరతో రెండు పోగులు తెంపి విప్పింది. లోపల రెండు అంగుళాల గుడ్డ, నీటుగా మడిచి, మూడు వరసల కుట్లతో. వేలు ఆ వరసల మీదే ఉండిపోయింది. చీరాల షాపులో తడి నూలు వాసన గుప్పున వచ్చిపోయింది.

"అన్నీ సరిపోతాయమ్మా. లోపల గుడ్డ వదిలాడు. మంచి పనివాడు" అంది.

"మంచి పనివాడా? ఆంటీ, మీరు మరీ సాఫ్ట్. ఉజ్వలా, చెప్పవే."

"ఇట్స్ ఫైన్ ఆంటీ, ఐ కాంట్ బ్రీత్, బట్ ఇట్స్ ఫైన్" అంది ఉజ్వల. "నేను మమ్మీకి చెప్పాను, ఓల్డ్ బ్లౌజ్ పంపు అని. మమ్మీ వినదు."

"నువ్వాగు. ఆంటీ, రెడీ, వీడియో ఆన్ చేస్తున్నా. నన్ను కొలిచి నంబర్ గట్టిగా చెప్పండి." ఫోన్ ఉజ్వల చేతిలో పెట్టి, రెండు చేతులూ పైకెత్తి, ఊపిరి బిగబట్టింది.

బల్ల మీద రెండు టేపులు. ప్రసూన తెల్లదాన్ని తీసింది. చుట్టూ తిప్పి ముందుకి తెచ్చింది. కొత్తది కదా, అంకె నల్లగా, మరకలేకుండా, సిగ్గులేకుండా ఉంది. "ముప్ఫై ఎనిమిది" అంది. ఫోన్ వైపు తిరిగి మళ్ళీ చెప్పింది, "ముప్ఫై ఎనిమిదమ్మా. నా పాత టేపు సాగిపోయింది. నేనిచ్చిన కొలతే తప్పు. నాకు తెలుసు, చెప్పలేదు. అంజయ్య తప్పేం లేదు."

శ్రీవిద్య చేతులు నెమ్మదిగా దిగాయి. జాలిగా నవ్వి, ప్రసూన భుజం మీద చెయ్యి వేసింది. "ఎందుకాంటీ వాడి తప్పు మీ మీద వేసుకుంటారు? ఈ కొత్త టేపులు అసలు నమ్మకూడదు, ఎక్కడ తయారవుతాయో ఏమో. మీ టేపుతో కొలవండి. ఉజ్వలా, అది డిలీట్ చేసి మళ్ళీ తియ్యి."

"లేదమ్మా, నిజంగానే, చూడు" అని రెండు టేపులూ పక్కపక్కన పరిచి చూపించింది ప్రసూన. శ్రీవిద్య వంగి చూసింది. డైరెక్టర్ కదా, చాలాసేపు చూసింది. "చూశారా, కొత్తది ఎలా కుంచించుకుపోయిందో" అంది.

ఉజ్వల మాత్రం అమ్మ వెనక నిలబడి, ఫోన్ దించకుండా, ప్రసూన వైపు చూసింది. పెదవులు బిగించి నవ్వు ఆపుకుంటోంది. "మమ్మీ, ఇది డిలీట్ అవ్వట్లేదు. ఇది ఆ టైలర్ అంకుల్‌కే సెండ్ చేసేస్తాను, ఓకేనా" అంది. శ్రీవిద్య "అమ్మాయ్" అని చెయ్యి చాపేలోపు హుష్‌మని చప్పుడు వినిపించింది. "ఇంక గ్రూప్‌లో ఏం పెట్టకు మమ్మీ. ఆయన ఇది రిప్లైలో పెట్టేస్తే ఎవ్రీబడీ నీ నంబర్ చూస్తారు."

గ్రూప్‌లో ఏదీ పెట్టలేదు. నాలుగొందల మంది ముందు ముప్ఫై ఎనిమిది కావడం కంటే అంజయ్యని క్షమించడం సులువని తేలింది. "పోన్లే పాపం, పనివాళ్ళు" అంది శ్రీవిద్య, పెద్ద మనసుతో, కవర్లు బల్ల మీద వదిలేసి. వెళ్ళాక ప్రసూన ఫోన్ తీసి, నిన్న శ్రీవిద్య పంపిన అంజయ్య నంబర్‌కి వాయిస్ మెసేజ్ పెట్టింది. "తమ్ముడూ, నేను బాతెల్ ప్రసూనని. ఆ కాయితం రాసింది నేను" అని మొదలుపెట్టింది. చీరాల వచ్చింది, మస్తానయ్య మాస్టారు వచ్చాడు, చివర్లో విశ్వనాథం మోకాలు కూడా వచ్చింది. చూసుకుంటే తొమ్మిది నిమిషాలు. నరకంలో ఆ గది గుర్తొచ్చింది గాని, అప్పటికే వెళ్ళిపోయింది. అంజయ్య జవాబు మూడు సెకన్లే. "అక్కా, నా టేపు గూడ సాగిందేమో చూస్తున్న."

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ చిక్కు ఇప్పుడే మొదలైంది, మీరే ఏదో ఒకటి చెప్పాలి. ఇంటికెళ్ళే దారిలోనే శ్రీవిద్య ఎవరికో చెప్పింది, వాళ్ళు ఎవరికో చెప్పారు, మధ్యాహ్నానికి ప్రసూనకి పదకొండు మెసేజీలు వచ్చాయి. అన్నిటిలోనూ ఒకే ప్రశ్న. ఆంటీ, కొత్త టేపు కొన్నారట, పాతది పారేయలేదు కదా? పన్నెండో మెసేజ్ వసంతలక్ష్మిది. కవలలు కాలేజీలో చేరారట, ఇల్లు బోసిగా ఉందట, రేపు పదింటికి వస్తుందట, జాకెట్టు కుట్టించుకోడానికి కాదట, ఊరికే ఒకసారి కొలిపించుకోడానికట. ప్రసూన ముందు ఇప్పుడు రెండు టేపులున్నాయి, మెడ ఒక్కటే. అయ్యా, అమ్మా, మీలో టైలరింగ్ తెలిసినవాళ్ళున్నా, వసంతలక్ష్మి లాంటివాళ్ళు ఇంట్లో ఉన్నా, రేపు పదిలోపు ఏ టేపు వేసుకోమంటారో కాస్త చెప్పండి. వాయిస్ మెసేజ్ మాత్రం పెట్టకండి.